కంచకు కంచె ఉందా?

1956లో నా ఉద్యోగం తెలుగును తెలుగులోకి తర్జుమా చేయడం. కాగితం మీద మాత్రం ఉర్దూ మున్షీ అని ఉండేది. కృష్ణ మీద కట్టబోయే ప్రాజెక్టుకు రాయి ఎక్కడెక్కడ దొరుకుతుందో చూడటానికి అవతలి ఒడ్డు నుంచి సర్వేవాళ్ళు మా ఒడ్డుకు వచ్చారు. ఇక్కడి భూముల రికార్డులన్నీ నిజాం కాలం నుంచీ ఉర్దూలో ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఒక్కరికీ అందులో అక్షరం ముక్క రాదు. అందుకని మహబూబ్‌నగర్ కచేరీలో ఈగలు తోలుకుంటున్న నన్ను, అంటే ఈ బాలస్వామిని, పట్టుకొచ్చి దేవరకొండ దాటాక ఒక డేరాలో కూర్చోబెట్టారు. ఉర్దూ చదవడం రోజుకు గంట పని. మిగతా పొద్దంతా సర్వేయరు అన్న మాట ఊళ్ళవాళ్ళకూ, ఊళ్ళవాళ్ళు అన్న మాట సర్వేయరుకూ చేరవేయడంతో సరిపోయేది. ఇద్దరూ మాట్లాడేది తెలుగే.

ఆ ఏడు ఎక్కడ చూసినా ఒకటే ముచ్చట. తెలంగాణ విడిగా ఉండాలా, ఆంధ్రతో కలవాలా? కలపడం ఖాయమైపోయిందని పేపర్లు రాశాయి గానీ దేవరకొండ చాయ్ హోటల్లో మాత్రం ఇంకా ఖాయం కాలేదు. అక్కడ వాదించుకుంటూ ఉంటే కప్పుల్లో చాయ్ చల్లారిపోయేది. నవంబరు ఒకటిన కొత్త రాష్ట్రం వస్తుందనీ, ఆలోపే మ్యాపులన్నీ పంపేయాలనీ పైనుంచి తాకీదుల మీద తాకీదులు. కొత్త రాష్ట్రంలో ఉర్దూ మున్షీతో ఎవరికి పని అని నాకు లోపల గుబులు. దానికి తోడు నేను నోరు తెరిస్తే చాలు, డేరాలోవాళ్ళు ‘గిట్ల, గట్ల’ అని వెక్కిరించేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, దాచుకునే అలవాటూ లేదు.

మా సర్వేయరు జోగారావు కూడా మొదట్లో నవ్వాడు. తెనాలి దగ్గరి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, బక్కపలచగా ఉండేవాడు. అయితే నవ్వి ఊరుకోకుండా, “ఆ మాట మీకెలా వచ్చిందండీ మున్షీగారూ?” అని అడిగేవాడు. సర్కారు కొలతలకు ఒక పుస్తకం, తనకోసం ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేవి. ఈ చెట్టునేమంటారు, ఆ పురుగునేమంటారు, బావి గిలక్కి మీ మాటేమిటి అని పొద్దస్తమానం ప్రాణం తీసేవాడు. అన్నీ ఎర్ర పుస్తకంలో ఎక్కించుకునేవాడు. నేనేదో మ్యూజియంలో వస్తువునైనట్టు మొదట ఒళ్ళు మండింది. తరువాత తెలిసింది, ఆయన చీమల బారును చూసినా అంతే శ్రద్ధగా నిలబడతాడని.

సెప్టెంబరులో మేకలగట్టు వంతు వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కలిసేచోట నలభై గడపల కురుమల ఊరు అది. గొర్రెలు కాయడం, గొంగళ్ళు నేయడం వాళ్ళ పని. ఊరి వెనక గుట్ట మీద మంచి నల్లరాయి ఉందని ఎవరో చెప్పారు. నేను డేరాలో పాత పహాణీ రికార్డులు తిరగేస్తుంటే జోగారావు కొలత గొలుసు మోసే కూలీలతో పొద్దున్నే అక్కడికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి బూట్లనిండా ముళ్ళతో, మొహమంతా ఎర్రగా తిరిగొచ్చాడు. ఆయనకు కోపం రావడం నేను చూడటం అదే మొదలు.

“అబద్ధాలకోర్లండీ! గుట్టకు కంచె ఉందా అని ఆ పెద్దాయన్ని అడిగితే ఉందన్నాడు. ఎంత ఉందయ్యా అంటే మూడు వందల ఎకరాలన్నాడు. ఎవరు వేశారంటే దేవుడన్నాడు. సరే, చూపించు అంటే ‘నువ్వు నిలవడ్డదే కంచ’ అంటాడు! నేను నిలబడింది పల్లేరుకాయల మీద. గుట్ట చుట్టూ మూడు మైళ్ళు తిరిగాను. ఒక్క రాట లేదు, ఒక్క ముళ్ళకంప లేదు.”

నేను పహాణీ మూసి కడుపు పట్టుకుని నవ్వాను. అన్ని రోజుల వెక్కిరింతలకూ ఆ నవ్వుతో చెల్లు. ఆయన ముందు ఉడుక్కుని, తరువాత ఉండబట్టలేక, “ఏమిటండీ?” అన్నాడు.

“సార్, మీ ఒడ్డున కంచె అంటే చుట్టూ వేసే దడి. మా ఒడ్డున కంచ అంటే ఆ బీడే. పశువులు, గొర్రెలు మేసే గుట్టా అడవీ కలిపి కంచ. ఆయన నిజమే చెప్పాడు. మీరు మూడు వందల ఎకరాల కంచలో నిలబడి కంచె వెతికారు.”

జోగారావు పెట్టె మీద కూలబడి ఎర్ర పుస్తకం తీశాడు. రెండు మాటలూ పక్కపక్కనే రాసి, కాసేపు వాటినే చూస్తూ ఉన్నాడు. తరువాత సర్కారు ఫారం తీశాడు.

“ముచ్చట బాగుంది గానీ, మున్షీగారూ, ఆ కంచకు కంచె ఉందా?”

“కంచకు కంచె ఎందుకు సార్?”

“ఇందుకు,” అని ఫారంలో చివరి గళ్ళు చూపించాడు. నేల చుట్టూ ఆవరణ, అంటే కంచె, ఉంటే అది వేసిన మనిషి పేరు రాయాలి. పట్టా ఆ పేరు మీద వస్తుంది, ఆ మనిషి ఒప్పుకోకపోతే సర్కారు ఇంకో గుట్ట చూసుకోవాలి. ఆవరణ లేకపోతే అది వృథాభూమి. వృథాభూమిలో చెట్లు కొట్టి, మందు పెట్టి పేల్చి రాయి తీయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. మ్యాపు వెళ్ళిన రెండు నెలల్లో పని మొదలవుతుంది. పహాణీలో ఆ గుట్ట పేరు పక్కన ఉర్దూలో ‘కంచా’ అన్న ఒక్క ముక్కే ఉంది. కొత్త ఫారంలో ఆ మాటకు గడే లేదు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఇద్దరం కలిసి మేకలగట్టుకు వెళ్ళాం. ముందురోజు ‘అబద్ధాలకోరు’ అనిపించుకున్న పెద్దాయన ఐలేశం. కురుమలకు కులపెద్ద, తెల్లటి మీసం, మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఫారం సంగతి నేను విడమరిచి చెప్పాను. వింటూ వింటూ ఆయన గొంతు సవరించుకోవడం కూడా మానేశాడు. చుట్టూ మూగినవాళ్ళలో ఒక ముసలామె ముందుకు వచ్చింది. పేరు గుర్వమ్మ, అరవై దగ్గర పడ్డ విధవరాలు, ఐలేశానికి వదిన వరస. పిల్లలు లేరు. భుజాన ఉన్ని మూట, చేతిలో కదురు.

“వీళ్ళకు చెలకలన్న ఉన్నయి సారూ. జొన్నలో ఆముదాలో పండుతయి. నాకు పద్దెన్మిది గొర్లు, గా కంచ, గంతే. కంచ వోతె నేనెటు వోవాలె?” అని సూటిగా జోగారావునే అడిగింది.

నేను తర్జుమాకు నోరు తెరిచాను. “అర్థమైంది,” అని జోగారావు నా వైపు చూడకుండానే అన్నాడు. తరువాత, “నాకు ఆ గుట్ట లోపల చూపిస్తావా అమ్మా?” అని అడిగాడు.

ఊరు దాటాక రెండు బండల మధ్య నుంచి పైకి కాలిబాట ఉంది. జోగారావు ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి వెనక నుంచి పదిమంది ఒక్కసారే అరిచారు. “సారూ, పోగు! పోగు!”

ఆయన ఒక కాలు గాలిలోనే ఉంచి ఆగిపోయాడు. బాటకు ఇటొక చండ్రచెట్టు, అటొక బిల్లుడు చెట్టు. రెంటికీ మధ్య, మోకాలికి కాస్త పైన, నల్లటి ఉన్నిపోగు ఒకటి కట్టి ఉంది. ఎంత సన్నం అంటే నాకు చూపించాక కూడా వెంటనే కనపడలేదు.

“ఏమిటిది?”

“కట్టు సారూ,” అన్నాడు ఐలేశం. “మిరుగు కార్తెల తొలి వానకు కడ్తం. విశాఖ కార్తె వచ్చినంక ఇప్పుతం. గా నడుమ కంచలకు ఏ మందా వోదు. గుట్ట మీదికి తొమ్మిది బాటలు, తొమ్మిది పోగులు.”

“కాపలా ఎవరు?”

“ఎవరు లేరు.”

“మరి ఎవరైనా దాటితే?”

ఐలేశం నా వైపు చూశాడు, నేనేమైనా తప్పు తర్జుమా చేశానేమోనని. “ఎందుకు దాటుతరు?” అన్నాడు.

“అనుకుందాం. దాటారనుకో. ఏం చేస్తారు? దండుగ వేస్తారా? కులం నుంచి వెలివేస్తారా?”

“దాటరు సారూ.”

జోగారావు అదే ప్రశ్నను ఏడు రకాలుగా అడిగాడు. ఏడుసార్లూ అదే జవాబు. ఆ పోగు ముందు కూర్చుని, వేలితో ముట్టబోయి మానుకుని, వేల గొర్రెలను ఇది ఎలా ఆపుతుందని తనలో తాను గొణుక్కున్నాడు. చివరికి గుర్వమ్మకు జాలి వేసినట్టుంది.

“ఒక్కపారి గత్తరబిత్తర కరువొచ్చింది సారూ. బయట గడ్డి పోస లేదు. లోపట నడుము ఎత్తు మేత. నా గొర్లు కండ్ల ముంగట కాళ్ళు ముడుసుకొని పడిపోతున్నయి. తొమ్మిది దినాలు గీన్నే గూసున్న, ఆకు అలము తెంపి పెట్టుకుంట. ఆరు సచ్చినయి.”

“ఒక్క పోగేగా! తెంపొచ్చుగా?”

“తెంపుడు ఎంతసేపు సారూ? తెంపినంక మల్ల కడ్తె ఎవలు ఆగుతరు?”

జోగారావు లేచి నిలబడ్డాడు. మనుషులు మాత్రం మంద లేకుండా లోపలికి పోవచ్చట, అదీ పోగు కింది నుంచి వంగి. అందరం వంగి వెళ్ళాం. 

ఆ లోపలి సంగతి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. గడ్డి నా ఛాతీ దాకా ఉంది. అడుగు వేస్తే మిడతలు పిడికెళ్ళ కొద్దీ లేస్తున్నాయి. గునుగు పూలు గుట్ట వాలంతా తెల్లగా పరుచుకున్నాయి. బండల సందున ఒక చెలిమె ఉంది, నీళ్ళు ఊరుతుంటే అడుగున ఇసుక రేణువులు గెంతుతున్నాయి. కొండగొర్రె ఒకటి మమ్మల్ని చూసి, పరుగెత్తాలా వద్దా అని కాసేపు ఆలోచించి, నిదానంగా నడిచి వెళ్ళిపోయింది. దానికి మనిషంటే భయం ఇంకా ఎవరూ నేర్పలేదు.

జోగారావు గొలుసు సంగతి మర్చిపోయాడు. గడ్డిపరక తెంపడం, “ఇదేమిటి?” అనడం. మా ప్రాంతం వాణ్ణని గొప్పగా ముందుకు వెళ్ళినవాణ్ణి, నాకు మూడో గడ్డి దగ్గరే పేర్లు అయిపోయాయి. సిగ్గేసింది. గుర్వమ్మకు మాత్రం అయిపోలేదు.

“గిది నక్కతోక. గిది మేస్తె గొర్రెకు పాలు దిగుతయి. గిది కామంచి, నలిపి వాసన జూడుండ్రి. గొర్రె ముట్టది, మనకే దగ్గుకు మంచిది. గిది చెంగలి. ఇంకో నెల అయితె గీ గడ్డి గింజలన్ని రాలుతయి. రాలినంకనే మందను తోలాలె. ముందే తోల్తె వచ్చే ఏడు ఏం మొలుస్తది, మన్నా?”

ముప్పై ఒక్క పేర్లు ఎర్ర పుస్తకంలోకి ఎక్కాయి. చివరికి శిఖరం మీద నల్లరాయి బయటపడ్డ చోటికి చేరాం. జోగారావు సుత్తితో ఒక అంచును కొట్టి, చప్పుడు విని, ముక్కను చేతిలో తిప్పి చూశాడు.

“చాలా మంచి రాయి,” అన్నాడు. ఆయన ముఖం వాడిపోయింది.

కిందికి దిగాక జోగారావు ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆవరణ ఉందా అన్న గడిలో ‘ఉంది’ అని రాశాడు. దేనితో అన్న గడిలో, ‘గొర్రె ఉన్ని, ఒంటిపోగు’. ఎన్నేళ్ళుగా అన్న గడిలో, ‘జ్ఞాపకం ఉన్నంత కాలంగా’. ఒక్కొక్కటే నాకు చదివి వినిపించాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు.

“పైవాళ్ళు ఊరుకుంటారా సార్?”

“ఇనప తీగె కంటే బాగా ఆపుతోందని నా కళ్ళతో చూశాను. కాదనేవాణ్ణి వచ్చి దాటి చూపించమనండి,” అన్నాడు. “ఇక ఒకటే గడి. వేసినవారి పేరు.”

“అందరం,” అన్నాడు ఐలేశం.

“ఒక్క పేరే పడుతుందయ్యా.”

“ఊరు అని రాయుండ్రి.”

“ఊరు అని ఇక్కడ రాస్తే సర్కారు అని అక్కడ చదువుతారు. ఒక మనిషి పేరు కావాలి.”

గొర్ల దొడ్డి దగ్గర ఊరంతా కూర్చుంది. అంతవరకూ ఒక్కమాట మీద ఉన్నవాళ్ళు ఆ ఒక్క పేరు దగ్గర విడిపోయారు. ఐలేశం పేరు ముందు వచ్చింది. అందరూ నేల చూపులు చూశారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, రేపు పట్టా పట్టుకుని కంచ మాది అంటే ఎవరు ఆపాలి? ఇంకొకరి పేరు వచ్చింది, ఆయనకు అల్లుళ్ళున్నారు. మరొకరికి తమ్ముళ్ళు. పొద్దు వాలుతోంది. జోగారావు ఆ వాదాన్ని కూడా కుతూహలంగా వింటున్నాడు గానీ నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతోంది. రాయి తీసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు వెనక నుంచి భిక్షం అనే గొంగళ్ళు నేసే మనిషి అన్నాడు. “గుర్వమ్మ పేరు పెట్టరాదుర్రి.”

ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఐలేశం గొంతు సవరించుకుని, “మంచిమాటనే,” అన్నాడు. తలలు ఊగాయి. జోగారావు నా చెవి దగ్గర, “ఇంతసేపు కుదరనిది ఒక్క క్షణంలో ఎలా కుదిరింది?” అని అడిగాడు. నాకు అర్థమైంది గానీ చెప్పడానికి నోరు రాలేదు.

గుర్వమ్మే చెప్పింది. కదురు కింద పెట్టి లేచి నిలబడింది.

“నేను చెప్త సారూ. నా ఎనక ఎవలు లేరని. నా పేరు మీద ఉంటె ఎవడు అడగడానికి రాడని. ఏమయ్యా ఐలేశం, అంతేనా? గొడ్రాలి చెయ్యి తగుల్తె గడ్డి మొలవదని కట్టు నాడు నన్ను దూరం నిలవెడ్తిరి. ఊర్ల అందరికన్న సన్నగ వడికేది నేను. నలభై ఏండ్లల్ల ఒక్కనాడన్న నా పోగు ముట్టిండ్రా? ఇయ్యాల నా కడుపు పండనందుకే కంచ బతుకుతదని సంబురపడుతుండ్రు.”

చెలకలున్న ఆ మగవాళ్ళలో ఒక్కడూ తల ఎత్తలేదు. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది.

“అమ్మా, ఇష్టం లేకపోతే వద్దు,” అన్నాడు జోగారావు. “ఇంకో మాట కూడా చెప్పాలి. వారసులు లేనివాళ్ళ భూమి వాళ్ళ తరువాత సర్కారుకే పోతుంది.”

“నేనున్నన్ని దినాలన్న ఉంటది గద?”

“ఉంటుంది.”

“అయితె పెట్టు నా పేరు. విశాఖకు పోగులు నేనిప్పుత. మిరుగుకు నేను వడికిన పోగే కట్టాలె, నేనే కట్టాలె. ఒప్పుకుంటెనే ఏలిముద్ర.”

ఐలేశం చాలాసేపు మీసం నిమురుకున్నాడు. “కానియ్యి వదినె,” అన్నాడు. ఆమె వేలికి సిరా నేనే రాశాను.

ఆ ఫారం పైకి వెళ్ళి తిరిగొచ్చింది. ‘ఒంటిపోగు’ పక్కన ఎవరో ఎర్ర పెన్సిలుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. అయితే నవంబరు ఒకటి నెత్తి మీదికి వచ్చింది, ఆ ప్రశ్నకు జవాబు వెతికే తీరిక ఎవరికీ లేకపోయింది. రాయి కోసం పన్నెండు మైళ్ళ అవతల వేరే గుట్ట చూశారు. అక్కడివాళ్ళను ఎవరైనా ఏమైనా అడిగారో లేదో నాకు తెలియదు. అది తెలుసుకోకపోవడం తప్పేనని ఇప్పుడు అనిపిస్తుంది. కొత్త రాష్ట్రం వచ్చిన వారానికి విశాఖ కార్తె వచ్చింది. గుర్వమ్మ తొమ్మిది బాటలూ తిరిగి తొమ్మిది పోగులూ విప్పింది. మరుసటి ఏడు ఆమె చేతి పోగు కట్టిన కంచలో గడ్డి మామూలుగానే మొలిచిందని విన్నాను.

మళ్ళీ ఆ ఊరు చూసింది 1969 జనవరిలో. అప్పటికి ప్రాజెక్టు పూర్తయి నీళ్ళు వదిలారు. నేను నల్లగొండ కచేరీలో గుమాస్తాను, ఉర్దూ మరిచిపోయే ప్రయత్నంలో ఉన్నాను. తెలంగాణ విడిపోవాలని ఊరూరా ఊరేగింపులు, బస్సుల మీద రాళ్ళు. సరిగ్గా అదను చూసుకుని జోగారావు హైదరాబాద్ నుంచి దిగాడు, జుట్టు సగం నెరిసింది. “ఆ పోగు ఇంకా ఉందేమో చూడాలండీ,” అన్నాడు. దారిలో నోరు తెరవొద్దని, మీ యాస వింటే తంతారని చెప్పాను. రెండు మైళ్ళు ఆగగలిగాడు. మూడో మైలులో బండివాణ్ణి ఎద్దు మెడలో కట్టిన పూసల పేరు అడిగాడు. బండివాడు తన్నలేదు, పేరు చెప్పాడు.

కంచ అలాగే ఉంది. గుర్వమ్మ గుడిసె ముందు మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. చూపు తగ్గింది, మాట తగ్గలేదు.

“మున్షీ సాబ్, వీళ్ళు నన్ను సావనిస్తలేరు,” అంది రాగానే. “పొద్దున లేస్తె నా మొఖం జూస్తె అరిష్టం అనెటోళ్ళు. ఇప్పుడు తెల్లారంగనే ఊరంత వచ్చి చూసుడే, ఉన్నదా పోయిందా అని. ఒకరు పాలు, ఒకరు జొన్నగట్క. జర తుమ్మితె దవాఖానకు బండి కడ్తరు. రాయి గుత్తకు పట్టెటోని మనిషి గూడ ఏడాదికొక్కపారి వచ్చి అడుగుతడు, ముసల్ది ఉన్నదా అని.”

నవ్వుతూ చెప్పింది గానీ అందులో నవ్వేది తక్కువే ఉంది. ఆమె ఊపిరి మీద మూడు వందల ఎకరాలు ఆగి ఉన్నాయి. ఆ ఊపిరి ఆయాసంగా వస్తోందని మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

అంతలో ఐలేశం వచ్చాడు, ఒంగిపోయి, చంకలో ఏడాది మనవడితో. వెనక కోడలు యాదలక్ష్మి, నిండు చూలాలు. మేం వచ్చామని తెలిసి ఊరు కూడా చేరింది. ఐలేశం పిల్లవాణ్ణి గుర్వమ్మ ఒడిలో కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నాడు.

“సారూ, దత్తత కాయితం ఎట్ల రాయాలె? వదినెకు వారసుడుంటె కంచ సర్కారుకు వోదు గద?”

“పోదు,” అన్నాడు జోగారావు. “ఆ వారసుడికే వస్తుంది.”

చుట్టూ గుసగుసలు లేచాయి. ఐలేశం అన్నదాంట్లో అబద్ధం లేదు, ఆశ కూడా లేకపోలేదు. గుర్వమ్మ పిల్లవాడి తల నిమిరింది. వాడు ఆమె మెడలోని పూసలు నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ముఖంలో నేను అంతకుముందు ఎన్నడూ చూడని మెత్తదనం వచ్చింది.

“పెనిమిటి పోయిన ఏడు ఇల్లిల్లు తిరిగిన సారూ, ఒక్క పిల్లనియ్యుండ్రి, సాదుకుంట అని. ఆడపిల్లయినా సరే అన్న. ఎవలియ్యలే. ఇప్పుడు వీడు అయిదోటోడు. ఇంటికొకడు నా కొడుకైతనంటడు.” వాడి నోట్లోంచి పూసలు మెల్లగా తీసింది. “వీన్ని ఒక్కన్ని తీసుకుంటె కంచ ఐలేశం ఇంటిదైతది. తీసుకోకపోతె సర్కారుదైతది. సారూ, మీ కాయితాలల్ల ఎంతమందిని తీసుకోవచ్చు?”

“దత్తత అయితే ఒక్కణ్ణే అమ్మా.”

“మరి గింతమంది పిల్లలు ఉన్నరు గద. అందర్ని తీసుకుంట అంటె?”

జనం నవ్వారు. జోగారావు నవ్వలేదు. ఏదో పురుగును కొత్తగా చూసినట్టు ఆ మాటను ఇటూ అటూ తిప్పి చూశాడు. “దత్తత కుదరదు,” అన్నాడు నెమ్మదిగా. “వీలునామా కుదురుతుంది. వీలునామాలో ఎన్ని పేర్లయినా రాయొచ్చు. ఉమ్మడిగా. అందరూ సంతకం పెడితే తప్ప ఒక్క గజం కూడా అమ్మడానికి వీల్లేదని రాయొచ్చు.”

నల్లగొండ జిల్లాలో పదిమంది ఒక్కమాట మీదికి రావడమే నేను ఎన్నడూ చూడలేదు. ఊళ్ళో పిల్లలందరూ కలిసి ఒక సంతకం దగ్గర కుదరడం కల్ల. ఇంతకంటే గట్టి కంచె ఇంకేం ఉంటుంది? నేను కాగితాలు తీశాను.

ఊళ్ళో పదిహేనేళ్ళ లోపువాళ్ళందరినీ పిలిచారు. ఆడా మగా, నడిచేవాళ్ళు, పాకేవాళ్ళు. ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ రాస్తుంటే నా చెయ్యి గుంజింది. ఐలేశం మనవడు పదిహేడోవాడు. డెబ్బై మూడు పేర్లయ్యాయి. ఇంతలో యాదలక్ష్మి కొంగు సర్దుకుంటూ అడిగింది. “అవ్వా, కడుపులున్నోళ్ళ సంగతేంది?”

“రాయి మున్షీ సాబ్,” అంది గుర్వమ్మ. “యాదలక్ష్మి కడుపుల ఉన్నది అని రాయి.” ఇంకా ఇద్దరు చూలాళ్ళున్నారు, వాళ్ళవీ రాశాను.

“నాకెంతమందైరి?” అని అడిగింది.

“డెబ్బై ఆరుగురు.”

ఆమె దుప్పటి సర్దుకుని ముందుకు వంగింది. తరువాత మొత్తం చదివి వినిపించమంది. పిల్లలు మంచం చుట్టూ నిలబడ్డారు. నేను చదువుతూ పోయాను. ప్రతి పేరుకూ ఆమె తల ఊపింది. నలభయ్యో, నలభై ఒకటో పేరు దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

“జర ఆగు. గీ రాములు ఎవలి కొడుకు?”

నేను తండ్రి పేరు కోసం కాగితం మీద వేలు పెట్టి వెతుకుతున్నాను. అంతలోనే ఆమె చెయ్యి దించింది.

“పోనీ తీ,” అంది. “నా కొడుకే గద. చదువు.”